మా చిన్నపడవల పందెము

కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని సముద్రము బహుదూరము. మన పిల్లలలో పెక్కుమంది తెరచాప కట్టిన ఓడను బొమ్మలలో చూచినవారే గాని కన్నులార చూచినవారు కారు. మన చెరువులలో తిరుగు తెప్పలకు తెడ్డును, గడయును ఆధారములు. గాలిచే పడవ నడపుట మన ప్రాంతమున అలవాటు లేదు. కావుననే ఆదివారపు బడిలో గలిలయ సముద్రమును గూర్చియు, పౌలు ఎక్కిన ఓడ పగిలి మెలితే ద్వీపమునకు చేరుటను గూర్చియు పాఠము చెప్పునపుడెల్ల పిల్లలు ఒకే ప్రశ్న వేయుచుందురు: "సారూ, గాలి ఎటు కొడితే ఓడ అటే పోతదా? మరి మనం పోవాల్సిన ఊరికి ఎట్ల పోతం?"

నల్లబల్లమీద గీతలు గీచి చెప్పిన సమాధానము వారికి చాలలేదు. చేతికి చెక్క యిచ్చి, ముందర నీరు పెట్టిననే గాని ఇది తెలియదని తలంచి, గడచిన దసరా సెలవులలో రెండూళ్ల బాలసమాజములను ఒకచోట కూర్చి చిన్నపడవల పందెము నడపితిమి. అది ఎట్లు జరిగెనో, దానివలన మాకు విశదమైన దేమో చదువరులకు విన్నవించుచున్నాము. వచ్చు సంవత్సరము మరియొక ఊరివారు ఇట్టి పనికి పూనుకొనినచో ఇది వారికి కొంత ఉపకరింప వచ్చును.

ఈ వినోదము మేము నూతనముగ కల్పించినది కాదు. పారిస్ నగరమందలి లక్సెంబర్గు ఉద్యానవనపు కొలనులో పిల్లలు తెరచాపల చిన్నపడవలను అద్దెకు తీసికొని, పొడవైన కఱ్ఱలతో ఒడ్డునుండి త్రోసి విడుతురు. అమెరికాలో స్కౌటు ఉద్యమమునకు చెందిన చిన్నపిల్లలు, ఇంటిచూరుకు అమర్చు వాననీటి రేకుకాలువలను నీటితో నింపి, అందు ఆరేడంగుళముల పడవలను విడిచి, తెరచాపపై నోటితో ఊదుచు పందెమాడుదురు. కాలువ పొడవు 10 అడుగులు. పడవను చేతితో అంటరాదు. వారి ఊపిరియే వారికి గాలి. మాకు ఈ పద్ధతియే నచ్చినది. ఇందుకు సముద్రము అక్కరలేదు, చెరువును అక్కరలేదు.

చెరువు అక్కరలేకుండుటయే ముఖ్యమైన సంగతి. పందెమనగానే పిల్లలందరును "చెర్వుకాడికి పోదం" అని కేకలు వేసిరి. వానలు కురిసిన తరువాత చెరువుగట్లు మెత్తబడి జారుచుండును. ఏ గుంటలో ఎంత లోతున్నదో పెద్దలకే తెలియదు. గాలికి నడిమికి కొట్టుకొనిపోయిన పడవకొఱకు నీటిలో దిగని పిల్లవాడు ఉండడు. ఆరంగుళముల చెక్కకొఱకు ఒక తల్లి కడుపు శోకమునకు పాలుకారాదని, నీటినే పిల్లలయొద్దకు తెచ్చుటకు నిశ్చయించితిమి.

ఎల్లారెడ్డి సంఘములోని రైతొకరు పొలమున వాడక మిగిలిన 20 అడుగుల ప్లాస్టిక్ గొట్టము నొకదానిని ఇచ్చిరి. దాని వ్యాసము 6 అంగుళములు. దానిని నిలువున రెండుగా చీల్చి, ఒక్కొక్క చీలికను నడుమకు కోయించగా, సమానమైన నాలుగు కాలువలు, ఒక్కొక్కటి 10 అడుగులది, ఏర్పడినవి. కొసలకు చెక్కముక్కలు బిగించి, సందులు పూడ్చి, బల్లలమీద వరుసగా నిలిపితిమి. నాలుగింటికిని కలిపి ఆరు బిందెల నీరు చాలినది. పందెము ముగిసినపిమ్మట ఆ నీటిని మందిరపు ఆవరణములోని మందారపు మొక్కలకు పోయించితిమి.

కాలువలు సులభముగనే సిద్ధమైనవి. పడవలను ఎవరు చేయవలెననునదే మమ్ము కొంతకాలము నిలిపినది. అమెరికాలో 1953లో డాన్ మర్ఫీ అను తండ్రి, పెద్దవారి బండ్ల పందెమునకు వయసు చాలని తన కుమారునికొఱకు, చిన్న కొయ్యబండ్ల పందెమును ఏర్పరచెను. తండ్రియు కొడుకును కూర్చుండి కలసి చేయవలెననుట అతని ఉద్దేశము. ఆ పందెము దేశమంతట వ్యాపించెను. దానితోకూడ ఒక ఫిర్యాదును వ్యాపించెను. పెక్కు ఇండ్లలో తండ్రులే రాత్రులు మేలుకొని బండిని చెక్కుచున్నారనియు, పిల్లవాడు దానిని మోసికొని వచ్చుటయే మిగిలినదనియు అందరును చెప్పుకొనుట కలదు.

మన ప్రాంతమున ఈ చిక్కు మరియొక రూపమున ఎదురగును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి ఎందరో తండ్రులు దుబాయికిని, మస్కటుకును కూలికి పోయి, రెండేండ్లకో మూడేండ్లకో ఒకమారు ఇల్లు చూచుచున్నారు. తల్లులలో అనేకులు తెల్లవారినది మొదలు చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టువారు. అట్టి ఇంటి పిల్లవానితో "మీ నాయినతో కూర్చుండి పడవ చేసికొని రమ్ము" అని చెప్పుట ఎంత కఠినము! చెప్పినచో, తండ్రి ఇంటనున్నవాడు గెలుచును. పైకము గలవాడు అంగడిలో కొని తెచ్చును. తక్కినవారు అట్టపెట్టె చింపి తెచ్చుకొని, పందెము మొదలు కాకమునుపే ఓడిపోయినట్లు నిలుచుందురు.

ఈ విషయమున 1947లో జరిగిన ఒక సంగతి మాకు దారి చూపినది. ఆ సంవత్సరము ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ పట్టణమున క్లార్క్ మిల్స్ అను పడవలు కట్టువాడు పిల్లలకొఱకు ఒక చిన్న తెరచాపపడవను రూపించెను. సామాన్యుల పిల్లలకును అందుబాటులో నుండునట్లు, పలుచని ప్లైవుడ్ పలకలతో తక్కువ వ్యయమున కట్టదగినదిగ దానిని తీర్చెను. దానిపేరు ఆప్టిమిస్టు, అనగా ఆశావాది. ఏడున్నర అడుగులకు పైబడిన ఆ పడవ నేడు లోకమందంతట పిల్లలు తెరచాప నేర్చుకొను బడిగా నున్నది. మన హైదరాబాదు హుస్సేన్ సాగరముమీద పేద ఇండ్ల బాలబాలికలు ఆ పడవలోనే అభ్యసించి పందెములలో బహుమానములు పొందుచున్నారు. అందరికిని ఒకే పడవ. తేడా యేమైన నున్నచో పిల్లవాని నేర్పులో మాత్రమే. ఈ తలంపునే మేమును గ్రహించి నియమములు వ్రాసితిమి.

నియమములు ఐదు. ఒకటి: చెక్క అందరికిని సమానము. తేలికయైన బూరుగుచెక్కను కోతమిల్లులో కోయించి, 6 అంగుళముల పొడవు, రెండున్నర అంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల ముక్కలను మేమే ఇత్తుము. రెండు: తెరచాపకు గుడ్డయో, కాగితమో, ఆకో, ఎవరి యిష్టము వారిది, గాని చెక్క గాక పైపదార్థములకు 20 రూపాయలకంటె అధికముగ ఖర్చు చేయరాదు. మూడు: పని యంతయు మందిరపు వసారాలో, రెండు శనివారములు, అందరి యెదుట జరుగవలెను, ఇంటికి తీసికొనిపోరాదు. నాలుగు: పెద్దలు చెప్పవచ్చును, చూపవచ్చును, చేయరాదు. ఐదు: థెర్మోకోలు వాడరాదు, అది పొడియై, ఎన్నేండ్లకును కరగక, కాలువలను చెరువులను పాడుచేయును.

మొత్తము 32 మంది పిల్లలు చేరిరి; కామారెడ్డివారు 18 మంది, ఎల్లారెడ్డివారు 14 మంది. అందరును ఏడేండ్లకు పైబడి పండ్రెండేండ్లకు లోబడినవారు. నాలుగవ నియమము పిల్లలకంటె పెద్దలకు కష్టమైనది. కామారెడ్డిలో ఒక బాలికకు తాత వడ్రంగి. ఆయన మొదటి శనివారము బాడిస చేతబట్టుకొని వచ్చి, మనుమరాలి ప్రక్కన కూర్చుండి, ఆమె ఆకురాయిని వంకరగా రుద్దుట చూచి సహింపజాలక, రెండుమారులు చేయి చాచెను. "తాతా, నువ్వు ముట్టుకోకు, సారు చూస్తుండు!" అని ఆ పిల్ల గద్దించెను. అందరును నవ్విరి, ఆయనయు నవ్వెను. అటుపిమ్మట ఆయనకు, మిగిలిన చెక్కల నన్నిటిని ఒకే కొలతకు సరిచేయు పని నప్పగించితిమి. ముప్పదిరెండు ముక్కలు వెండ్రుకవాసి తేడా లేక వచ్చెను. పందెమునకు న్యాయము ఆ చేతిలోనుండియే మొదలైనదని చెప్పవలెను.

రెండవ శనివారము తొమ్మిదేండ్ల బాలుడొకడు అట్టపెట్టెలో నొక పడవ తెచ్చెను. నీలిరంగు, తెల్లని రెండు తెరచాపలు, ఇత్తడి చుక్కాని, చూడముచ్చటగ నున్నది. ఈ పందెము సంగతి ఫోనులో విని, వాని తండ్రి మస్కటులో కొని, ఊరికి వచ్చువారిచేత పంపెనట. "సారూ, మా నాయిన పంపిండు. దీన్ని ఇడవొద్దా?" అని వాడు అడుగగా, వాని కన్నులలో పందెముకంటె వేరొక అక్కర కానవచ్చెను. వద్దనుట న్యాయమే, కాని ఆ న్యాయము వానికి తండ్రిని వద్దన్నట్లు తోచును. తక్కిన పిల్లలు మావంక చూచుచుండిరి.

మేము ఆ పడవను చేత తీసికొని, అందరిని పిలిచి, దానిని పాఠ్యోపకరణముగ బల్లమీద నిలిపితిమి. ఓడకొయ్య ఏది, తెరచాప ఏది, అడుగున నిలువుగా దిగిన పలక ఎందుకు, చుక్కాని ఏమి చేయును, అని ఒక్కొక్కటి చూపి చెప్పితిమి. చుక్కాని ఎంత చిన్నదైనను పెద్ద ఓడను త్రిప్పునని యాకోబు పత్రికలో చదివిన పిల్లలు దానిని వ్రేలితో త్రిప్పి చూచి సంతోషించిరి. పిమ్మట ఆ బాలునితో, "మీ నాయిన పంపిన పడవ అందరికి పాఠము చెప్పినది. ఇక నీ పడవ నీవు చేయుము," అంటిమి. వాడు కొంతసేపు మౌనముగ నుండి చెక్క పుచ్చుకొనెను. వాని పడవ అందమైనది కాదు. ముక్కు ఒకప్రక్కకు వాలినది. కాని తండ్రి పంపినదానిని చూచి, అడుగున రేకుముక్కను నిలువుగా దిగగొట్టి, దాని కొసకు రెండు ఇనుపమేకులు చుట్టి బరువు పెట్టెను. అట్లు చేసినవాడు వాడొక్కడే.

ఎల్లారెడ్డిలో పదేండ్ల బాలిక తల్లి బీడీలు చుట్టి వదలివేసిన తునికాకులలో పెద్దదానిని ఏరి, తెరచాపగా వెదురుపుల్లకు గ్రుచ్చెను. ఆకు ఎండినచో పగులును, తడిసినచో వ్రేలును. తల్లి ఆకును ఏ పదునున కత్తిరించునో ఆ పదును ఈ పిల్లకు తెలియును. తడిగుడ్డలో ఐదు ఆకులు చుట్టి పెట్టుకొని, ఒకటి చెడినప్పుడు మరియొకటి మార్చుకొనెను. ఆకు సహజముగనే దొప్పవలె వంగియుండుటచే ఊపిరిని బాగుగ పట్టుకొనుచుండెను. ఏ పుస్తకమునను మేము చదువని విద్య ఇది.

పందెము నాడు కామారెడ్డి పిల్లలు బస్సులో లింగంపేటమీదుగా ఎల్లారెడ్డికి వచ్చిరి. ఓడినవారిని ఒక్కమారుతో తొలగించు పద్ధతిని మేము అవలంబింపలేదు. అంతదూరము వచ్చిన పిల్లవాడు అరనిమిషమున ఓడి, దినమంతయు ఇతరులను చూచుచు కూర్చుండుట తగదు. మఱియు నాలుగు కాలువలలో నొకటి కొంచెము వాలుగ నుండవచ్చును. కావున ప్రతి పడవయు ఒక్కొక్క కాలువలో ఒక్కొక్కమారు, మొత్తము నాలుగుమారులు పరుగెత్తునట్లు పట్టిక వేసితిమి. మొదటివానికి 4, రెండవవానికి 3, మూడవవానికి 2, చివరివానికి 1 చొప్పున గుణములు. మొత్తము 32 పందెములు. గంటన్నరకు పైగా పట్టినది. చివరి పందెమువరకును ప్రతి పిల్లవానికిని ఆశ మిగిలియుండెను.

ఊపిరియొక్క మర్మమును పిల్లలు తమంతట తామే కనుగొనిరి. బుగ్గలుబ్బించి ఒక్క విసురున ఊదినవాని పడవ తలక్రిందులాయెను. తెరచాప పైకొసను ఊదినవానిది ముక్కు మునిగెను. క్రిందిసగమున, వెనుకనుండి, సన్నగా ఎడతెగక ఊదినవానిది బాణమువలె పోయెను. బోర్లపడిన పడవను ఆ చోటనే సరిచేసి మరల విడువవచ్చునని నియమముండుటచే ఎవ్వరును ఏడ్వలేదు. ఉబ్బసముగల బాలుని కొకనికి ఊదుటకు మారుగా తాటాకు విసనకఱ్ఱ నిచ్చితిమి. "వాడు ఊదలేడు సార్, ఇయ్యుండ్రి" అని మొదట పలికినవాడు వాని కాలువప్రక్కన పోటీకి నిలిచినవాడే. ఆ మాటకు ఏ గుణము వేయుటకును మా పట్టికలో గడి లేదు.

కామారెడ్డి బాలిక యొకతె, వడ్రంగి మనుమరాలు కాదు, 15 గుణములతో ప్రథమురాలాయెను. తునికాకు తెరచాప నాల్గవది. వంకరముక్కు పడవ నాలుగు పందెములలోను చివరిదే. అడుగునగల ఇనుము దానిని బరువు చేసెను. ఆ బాలుడు 4 గుణములతో పట్టిక అడుగున నిలిచెను. మస్కటులోని తండ్రి ఫోనులో ఆ పందెములను చూచుచునే యుండెను.

మధ్యాహ్న భోజనమైనపిమ్మట అందరిని పోచారము ప్రాజెక్టునకు తీసికొనిపోతిమి. ఎల్లారెడ్డినుండి మెదకునకు పోవు మార్గమున, ఆలేరు వాగుమీద 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన కట్ట అది. ఈ పనియే గాక, మంజీరకు అడ్డముగ 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరమును మన సమీపముననే కలదు. దానిని కట్టించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు జన్మదినమగు జూలై 11ని తెలంగాణములో ఇంజనీర్ల దినముగ పాటించుచున్నారు. పది అడుగుల కాలువలో నీటిని చూచిన పిల్లలు అక్కడ ఆవలిగట్టు కానరాని నీటిని చూచి కొంతసేపు మాటలాడలేదు.

గట్టుమీద పడమటిగాలి మెల్లగ వీచుచుండెను. పడవలను విడువనిండని పిల్లలు వేడుకొనిరి. ఒక్కరును మెట్టు దిగరాదనియు, పెద్దలే పురికొస కట్టి విడుతురనియు షరతు చెప్పి, మొదట గెలిచిన పడవను విడిచితిమి. అది తేలికది, అల తాకగానే ప్రక్కకు వాలి పడినది. రెండవదియు నట్లే. తునికాకు పడవ కొంతదూరము పోయి, ఆకు తడిసి నిలిచిపోయినది. అప్పుడు ఆ వంకరముక్కు పడవను విడిచితిమి. గాలికి అది వాలెను. అడుగున ఇనుము దానిని మరల నిలిపెను. మరల వాలెను, మరల నిలిచెను. అట్లు ఊగుచు, గాలి త్రోయు దిక్కునకు గాక దానికి కొంచెము ఏటవాలుగ సాగి, పురికొస అందినంతమేర, ఇరువది గజములవరకు పోయెను.

"గాలి ఎటు కొడితే ఓడ అటే పోతదా?" అను ప్రశ్నకు సమాధానము అక్కడ దొరికినది. తెరచాప గాలిని పట్టును. నీటిలో దిగిన పలక ప్రక్కకు కొట్టుకొనిపోకుండ ఆపును. ఈ రెండింటి పెనగులాటలోనుండి ముందునడక పుట్టును. నేర్పరియగు నావికుడు ఇట్లే ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు ఏటవాలుగ పోవుచు ఎదురుగాలిలోను గమ్యమును చేరగలడు. పైకి కానవచ్చు తెరచాపను అందరును మెత్తురు. ఓడను నిలుపునది నీటిక్రింద కానరానిది. పిల్లలకు ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు. చెప్పవలసిన అగత్యమును లేకుండెను.

ఆ బాలుడు ఫోనును నీటివైపు పట్టుకొని, "నాయినా, చూడు, గది నేను చేసిందే" అనెను. మస్కటునుండి వచ్చిన నీలిపడవను ఆ నాడు ఎవ్వరును తలంపలేదు. తండ్రి దూరమునుండి కొడుకునకు పంపిన ఉపకారము ఆ పడవ కాదు. దానిని చూచి వీడు నేర్చుకొనిన ఆ యినుపముక్క. ఈ సంగతి తండ్రికి తెలిసినదని వాని కంఠస్వరమును బట్టి గ్రహించితిమి.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీరు దగ్గరనున్నను దూరముననున్నను, పిల్లలపని మీరు చేసిపెట్టుట ప్రేమగా తోచవచ్చును. మంచి చెక్క నిండు, సమానమైన కొలత నిండు, ప్రమాదములేని నీటిని సిద్ధపరచుడు, చూపవలసినది చూపుడు. పిమ్మట చేయి వెనుకకు తీసికొనుడు. వంకరముక్కైనను అది వారిది. ఏ గాలికి ఏ పడవ నిలుచునో పందెపు పట్టికనుబట్టి ముందుగ చెప్ప మనశక్యము కాదు. ఉపాధ్యాయులమగు మేము పరీక్షల గుణములు వేయునప్పుడును దీనిని జ్ఞాపకముంచుకొనదలచితిమి.

వచ్చు దసరాకు పందెము కామారెడ్డిలో జరుగును. ఈమారు కాలువ పందెమునకును, విశాలమైన తొట్టిలో గాలి పందెమునకును వేర్వేరు బహుమానము లుండును. ఎల్లారెడ్డి పిల్లలలో సగముమంది ఇప్పటినుండియే తునికాకులు ఏరి దాచుకొనుచున్నారని వినుచున్నాము. గాలిని, నీటిని నిర్మించిన దేవుడు ఈ చిన్న నావికులను అన్ని అలలమీదను నిలుపునుగాక.